ఆరు పెట్టలు చాలు, ముందు కంచె కట్టండి

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. హొస్కోటె దాటాక ముప్పై బై నలభై సైట్లో ఇల్లు కట్టుకున్నాం. పక్కనే అదే సైజు సైటు ఇంకొకటి మాదే, ఖాళీగా ఉంది. మామగారు పోయాక అత్తగారు ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి ఇక్కడ పొద్దు పోవడం లేదు. కోళ్లు పెంచుదాం, కూరగాయలు వేద్దాం అంటున్నారు. మావారు వీడియోలు చూసి పాతిక కోడిపిల్లలు తెద్దాం, గుడ్లు అమ్మితే మేత ఖర్చు వచ్చేస్తుంది అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. కోళ్లు తోటని బతకనిస్తాయా? వాసన వస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? మా పాపకి తొమ్మిదేళ్లు, ఇప్పుడే కోళ్లకి పేర్లు ఆలోచిస్తోంది. మావారేమో ఆదివారం కూర గురించి ఆలోచిస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, హొస్కోటె

సమాధానం:

మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాల కోళ్లని ఊహించుకుంటున్నారండీ. అత్తగారి ఊహలో కోళ్లు దొడ్డంతా తిరిగి, పొద్దుగూకే వేళకి వాటంతటవే గంప కిందికి చేరతాయి. మీవారి కోళ్లు రోజూ తప్పకుండా గుడ్డు పెడతాయి. పాపకి అవి నేస్తాలు. పనంతా చివరికి నా మీద పడుతుందేమో అని మీ భయం. ఆ భయం సబబే. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కోళ్లు తెచ్చుకోండి. పాతిక మీకు ఎక్కువ, ఆరు తెచ్చుకోండి. అవీ ఎదిగిన పెట్టలై ఉండాలి. అవి మీ గేటు దాటి లోపలికి వచ్చేనాటికి కంచె, గూడు రెండూ పూర్తయి ఉండాలి. మీ ఉత్తరం మే నెలలో అందింది కాబట్టి కూరగాయలు మాత్రం ఈ జూన్ వానలకే మొదలుపెట్టేయొచ్చు.

పాతిక ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. గిరిరాజా, వనరాజా లాంటి పెరటి రకాల పిల్లల్ని మామూలుగా ఆడా మగా వేరు చేయకుండానే అమ్ముతారు. పాతిక తెస్తే అందులో పన్నెండో పదమూడో పుంజులు తేలతాయి. నాలుగైదు నెలలు వచ్చేసరికి అవన్నీ తెల్లవారుజామున నాలుగింటికే కూత అందుకుంటాయి. ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పెట్టల వీపు మీద ఈకలు ఊడబీకుతాయి. హొస్కోటె ఇప్పుడు మునుపటి హొస్కోటె కాదు కదా. మీ గోడకి అవతల నైట్ షిఫ్ట్ చేసొచ్చి అప్పుడే పడుకున్న మనిషి ఉండొచ్చు. వాసన గురించి మీరు భయపడుతున్నారు గానీ, ఊళ్లలోకంటే ఇక్కడ గొడవలు ఎక్కువగా కూతతోనే మొదలవుతాయి. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పొదగడానికి పనికిరావు, అంతే తేడా. పుంజు లేని దొడ్డేమిటి అని మీ అత్తగారు అనొచ్చు. ఆవిడ మాటకి నాకు గౌరవమే, కానీ ముప్పై బై నలభైలో ఆ ముచ్చట తీరదు.

ఇక పిల్లల సంగతి. ఒక్క రోజు వయసున్న పిల్లలకి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. తల్లికోడి ఉంటే రెక్కల కింద పెట్టుకుని ఆ పని అదే చూసుకుంటుంది. తల్లి లేకపోతే బల్బు, చుట్టూ అట్ట, కింద ఊక, రాత్రి కరెంటు పోతే ఎవరో ఒకరు లేవడం. వానాకాలం సాయంత్రాలు బెంగళూరు ఎంత చల్లబడుతుందో మీకు తెలుసు. పిల్లలన్నీ బల్బు కిందే ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే చలి చాలా ఉన్నట్టు, బల్బుకి దూరంగా నోరు తెరుచుకుని నిలబడ్డాయంటే వేడి ఎక్కువైనట్టు. ఇదంతా పగలు ఎవరూ లేని ఇంట్లో పెద్దావిడ ఒక్కరి చేతా చేయించకండి. మూడు నెలలు దాటిన పెట్టలైతే ఈ బాధ ఉండదు, టీకాలు కూడా చాలావరకు వేసే ఇస్తారు. ధర ఎక్కువే. అయినా చచ్చిపోయే పిల్లల్ని లెక్క వేసుకుంటే పెద్దగా తేడా ఉండదు.

ఏ రకం అన్నది మీకు గుడ్లు కావాలా, నాటుకోడి రుచి కావాలా అన్నదాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ గుడ్లకి మంచిది. మేత సరిగ్గా పెడితే ఏడాదికి 180 నుంచి 200 దాకా పెడుతుంది. వనరాజా అదే సంస్థది, గుడ్లు తక్కువ, ఒళ్లు ఎక్కువ. గిరిరాజా మన హెబ్బాళ వెటర్నరీ కాలేజీది, అదీ బరువైన రకమే. అసలైన నాటుకోడి ఏడాదికి 60, 70 పెడితే గొప్ప. పది పదిహేను గుడ్లు పెట్టగానే పొదుగుకి కూర్చుంటుంది, ఇక లేవదు. పుంజు లేని ఇంట్లో పొదుగుకి కూర్చున్న పెట్టని లేపడం కూడా ఒక పనే. నేను మీ స్థానంలో ఉంటే నాలుగు గ్రామప్రియ, అత్తగారి సంతోషం కోసం రెండు నాటు పెట్టలు తెచ్చుకుంటాను. ఆరింటినీ ఒకేసారి, ఒకే వయసువి తెచ్చుకోవాలి. ముందు నాలుగు తెచ్చి రెండు నెలలాగి రెండు వదిలితే, పాతవి కొత్తవాటిని రక్తం వచ్చేలా పొడుస్తాయి.

గుడ్లు అమ్మే మాటకి వద్దాం. గుడ్లు పెట్టే పెట్టకి రోజుకి నూరు గ్రాముల పైనే మేత కావాలి. నూరే అనుకున్నా ఆరింటికి నెలకి 18 కిలోలు. సగటున రోజుకి మూడు గుడ్లు వచ్చాయనుకుంటే నెలకి 90. అంటే కిలో మేతకి ఐదు గుడ్లు. మీ ఊరి ఫీడ్ షాపులో లేయర్ మేత కిలో ఎంతో అడిగి, ఐదుతో భాగించి చూపించండి మీవారికి. గూడు, కంచె, మందులు ఇంకా లెక్కలోకి రాలేదు. రోజుకి మూడు గుడ్లంటే మీ నలుగురికే సరిపోతాయి, ఇంక అమ్మేదెక్కడ? ఖర్చు కలిసొస్తుందని కోళ్లు పెంచకండి. ఏం తిన్న కోడి గుడ్డు తింటున్నామో తెలుస్తుంది, తోటకి ఎరువు వస్తుంది, పెద్దావిడకి పొద్దున లేవగానే ఒక పని ఉంటుంది. ఇవి చాలనుకుంటేనే దిగండి.

మేత ఖర్చు తగ్గించడానికి కొంత దారి ఉంది. మీ వైపు రాగులు బాగా దొరుకుతాయి. రాగులు, మొక్కజొన్న నూక, తవుడు కలిపి మేతలో మూడో వంతు దాకా పెట్టొచ్చు. అంతకు మించితే మాంసకృత్తులు చాలక గుడ్లు తగ్గిపోతాయి. వంటింట్లో మిగిలిన అన్నం, ఆకుకూర కాడలు, పుచ్చకాయ తొక్కలు వేయండి. ఉప్పు ఎక్కువున్నవి, బూజు పట్టినవి, పచ్చటి బంగాళదుంప తొక్కలు, ఉడకని రాజ్మా లాంటి గింజలు వేయొద్దు. అజోల్లా తొట్టి పెడితే మేతే కొనక్కర్లేదని మీవారు ఏదో వీడియోలో చూసే ఉంటారు. ఎండబెట్టిన అజోల్లాలో మాంసకృత్తులు బాగానే ఉంటాయి గానీ పచ్చిదాంట్లో తొంభై శాతం పైగా నీళ్లే. దోసెడు వేస్తే ఇష్టంగా తింటాయి. దానితోనే కడుపు నింపాలంటే మీ సైటంతా తొట్టెలే పెట్టాలి. గుడ్డు పెంకు పల్చబడితే సున్నపురాయి నలుసులో, గవ్వపొడో విడిగా ఒక డబ్బాలో పెట్టండి. ఎంత కావాలో వాటికే తెలుసు. మేత బస్తా లెక్కన కొనకండి, వానాకాలంలో బూజు పడుతుంది. బూజు మేత కోళ్లకి విషమే.

ఇప్పుడు గూడు. మీరు డబ్బు ఖర్చు పెట్టాల్సింది దీని మీద. ఆరు పెట్టలకి నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గూడు ధారాళంగా సరిపోతుంది. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉండాలి, అప్పుడు ఎండ నేరుగా లోపలికి కొట్టదు. నేల మీంచి రెండడుగులు ఎత్తులో కట్టించండి. పైన పెంకు వేస్తే మంచిది. రేకు వేసేటట్టయితే ఏప్రిల్‌లో దాని మీద తడి గోనెపట్టాలు కప్పాలి. గాలి బాగా ఆడాలి, వాన జల్లు మాత్రం లోపల పడకూడదు. లోపల రెండంగుళాల మందం కర్రని దండెంలా అడ్డంగా బిగించండి, కోడికి ముప్పావడుగు చొప్పున చోటుండేలా. గుడ్లు పెట్టడానికి రెండు చీకటి గళ్లు చాలు. ఆరూ ఒకే గడిలో పెట్టడానికి ఎలాగూ పోట్లాడుకుంటాయి.

జాలీ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. షాపులో కోళ్ల జాలీ అని అమ్మే పల్చటి ఆరుకోణాల తీగ కోళ్లని లోపల ఉంచడానికే, బయటివాటిని ఆపడానికి కాదు. వీధికుక్క పంటితో చింపేస్తుంది. గూటికి అర అంగుళం గళ్లున్న వెల్డ్ మెష్ వేయించండి. హొస్కోటె వైపు ఇంకా చెరువులు, పొదలు, ఖాళీ లేఅవుట్లు ఉన్నాయి కాబట్టి ముంగిసలు, పందికొక్కులు ఉంటాయి. ముంగిసకి రెండంగుళాల సందు దొరికితే చాలు. పందికొక్కు కింద నుంచి తవ్వుకుని వస్తుంది, అందుకే కంచె జాలీని నేలలోకి అడుగు లోతు దించాలి, లేదా బయటివైపు అడుగు వెడల్పున పరిచి మట్టి కప్పాలి. తలుపుకి తీగ చుట్టడం, రాయి ఆనించడం లాంటివి వద్దు, గడియ పెట్టించండి. రాత్రిపూట దెబ్బతినే కోళ్లలో ఎక్కువ భాగం గూడు బాగాలేక కాదు, ఆ పూట ఎవరూ తలుపు వేయక పోతాయి. ఆరున్నరకి తలుపు వేసే బాధ్యత ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి. మీరిద్దరూ వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో ఉండే టైమది. అత్తగారు వేస్తారు సరే, ఆవిడ మదనపల్లె వెళ్లిన వారం ఎవరు?

గూటికి ఆనుకుని పది బై పన్నెండు అడుగులు కంచె కట్టి, పైన కూడా వల కప్పండి. గద్దలు పెద్ద పెట్టల జోలికి అంతగా రావు గానీ కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. పగలంతా కోళ్లు అందులోనే ఉంటాయి. మిగిలిన వెయ్యి చదరపు అడుగులు కూరగాయలవి. ఈ రెంటి మధ్య కంచె ఎంత గట్టిగా ఉంటే మీ ఇంట్లో అంత శాంతి.

ఎందుకంటారా? మెత్తగా కలిపి నీళ్లు పెట్టిన మడి కోడికి కనిపిస్తే ఏం చేస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఒక కాలితో, మరో కాలితో వెనక్కి గీకుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తల ఓ పక్కకి వంచి ఏం బయటపడిందా అని చూస్తుంది. మళ్లీ గీకుతుంది. దానికి మీ మెంతి మొలకలతో ఏ పగా లేదు, కింద పురుగుందేమో అని చూస్తోంది, అంతే. పావుగంటలో మడి ఉండదు, గుంట ఉంటుంది. ఇంకో పెట్ట వచ్చి అదే గుంటలో ఒళ్లు దులుపుకుంటూ మట్టిస్నానం చేస్తుంది. ఆకుకూరల మడిలోకి కోడిని ఎప్పుడూ వదలకూడదు. టమాటా పండు కోడి మెడ అందేంత ఎత్తులో ఉంటే ప్రతి పండుకీ ఒక్కో పోటు పొడిచి పెడుతుంది, ఒక్కటీ పూర్తిగా తినదు.

మరి కోళ్లకీ తోటకీ పొత్తు కుదరదా అంటే, కుదురుతుంది. అయితే పంట అయిపోయిన మడిలో. బెండ కాపు ఉడిగిపోయాక మొక్కలు పీకేసి, ఆ మడి చుట్టూ తాత్కాలికంగా వల కట్టి, పది రోజులు కోళ్లని వదలండి. కలుపు గింజలు, వేరుపురుగులు, చెదలు ఏరుకు తింటాయి, మట్టి తిరగేస్తాయి. తర్వాత వాటిని బయటికి తోలి, చివికిన ఎరువు వేసి, కొన్నాళ్లు ఆరనిచ్చి కొత్త నారు నాటుకోండి. రెండోది, సాయంత్రం పొద్దుగూకే ముందు ఒక గంట, అత్తగారు కుర్చీ వేసుకుని చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని కూర్చుంటే, బీర పందిరి కిందా మునగచెట్టు కిందా తిరగనివ్వొచ్చు. ఆవిడకి ఊళ్లో చూసిన దృశ్యం కాస్తయినా దొరుకుతుంది. చీకటి పడే వేళకి అవే గూట్లోకి పోతాయి కాబట్టి తరిమి పట్టుకునే పని కూడా ఉండదు.

విత్తనాలకి ముందు మట్టి చూడండి. బెంగళూరు చుట్టుపక్కల చాలా సైట్లు ఎత్తు పెంచడానికి పాత ఇళ్లు కూల్చిన రద్దు పోస్తారు. రెండుమూడు చోట్ల అడుగున్నర లోతు తవ్వి చూడండి. ఇటుకముక్కలు, సిమెంటు పెచ్చులు, పాత పెయింట్ రేకలు కనిపిస్తే అక్కడ కోళ్లనీ తిరగనివ్వొద్దు, దుంపకూరలూ వేయొద్దు. పాత పెయింట్‌లో సీసం ఉంటుంది, కోడి ద్వారా గుడ్డులోకి కూడా వస్తుంది. అలాంటిచోట రద్దు తీయించి మంచి ఎర్రమట్టి పోయించాలి, లేదా ఇటుకలతో అడుగున్నర ఎత్తు మడులు కట్టి నింపుకోవాలి. బాగున్న ఎర్రమట్టయితే పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపితే చాలు. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లు రోజూ తోటకి పోసేవాళ్లని చూస్తుంటాను. వాటిలో ఉప్పులు ఎక్కువ, కొన్నాళ్లకి ఆకు చివర్లు మాడతాయి. అవి బండలు కడగడానికి వాడుకోండి. బియ్యం కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు.

విత్తనాలకి ఒక రోజు సెలవు పెట్టి హెసరఘట్ట వెళ్లండి. మీకు కాస్త దూరమే, కానీ కూరగాయల విత్తనాలకి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, కోళ్లకి కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి కేంద్రం, రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఉద్యాన సంస్థ వారి రకాల పేర్లన్నీ అర్క అని మొదలవుతాయి. బెండలో అర్క అనామిక అడగండి, ఆకులు పసుపు పచ్చగా మారే వైరస్‌ని తట్టుకునేలా తయారుచేసిన రకం, దాని విత్తనం మీరే దాచుకోవచ్చు. టమాటాలో అర్క రక్షక్ మూడు జబ్బులకి నిలబడుతుంది. ఆకుముడత వైరస్, ఎండు తెగులు, ఆకుమాడు. అది హైబ్రిడ్ కాబట్టి విత్తనం దాచుకోవడం దండగ, ప్రతిసారీ కొనాలి. కోళ్ల కేంద్రానికి మాత్రం ముందు ఫోన్ చేసి బుక్ చేసుకున్నాకే వెళ్లండి. వెళ్లగానే చేతిలో పెట్టరు. ఎదిగిన పెట్టలు అక్కడ లేకపోతే ప్రైవేటు ఫారంలో కొనుక్కోండి, అయితే ఏయే టీకాలు ఎప్పుడు వేశారో కాగితం మీద రాయించుకోండి.

జూన్‌లో బెండ, వంగ, బీర, సొర, గోరుచిక్కుడు వేసుకోండి. తోటకూర, గోంగూర ఎప్పుడైనా వస్తాయి. క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ అక్టోబరు తర్వాత చూసుకోవచ్చు. మీది మదనపల్లె వైపు అన్నారు కాబట్టి ఒక్క పంట గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పకుండా ఉండలేను. అనప. చిక్కుడులో ఒక రకం, ఇక్కడ అవరె అంటారు. జూలైలో కంచె పొడుగునా గింజ నాటండి. నాటు రకాలు పగటి పొద్దు తగ్గితేగానీ పూతకి రావు, కాబట్టి మూడు నెలలు ఒట్టి ఆకులే కనిపించినా పీకేయకండి. నవంబరు నుంచి జనవరి దాకా కాస్తుంది. మంచు పడుతుంటే పూతకి పేనుబంక పడుతుంది. చిన్నగా ఉన్నప్పుడు నీళ్లు గట్టిగా కొడితే పోతుంది, పోకపోతే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున్నే మీ అత్తగారూ పాపా ఎదురెదురుగా కూర్చుని పితుకుతుంటే, వేళ్ల మధ్య నుంచి పప్పు టప్పుమని జారి గిన్నెలో ఒకటి, నేల మీద ఒకటి పడుతుంది. నేల మీద పడ్డవి కోళ్లకి వేయకండి, పచ్చి చిక్కుడు గింజ వాటికి మంచిది కాదు. తొక్కలు ఎరువు కుప్పలోకి వేసేయండి. పితికిపప్పు చారు, రాగిముద్ద సంగతి ఆవిడకి నేను చెప్పేదేముంది!

వానలు పడగానే ఆఫ్రికన్ నత్తలు వస్తాయి, బెంగళూరులో ఇవి పెద్ద బెడద. రాత్రికి రాత్రి బొప్పాయి మొక్క బెరడు కూడా గీకేస్తాయి. పెద్దవాటిని కోళ్లు ముట్టవు. తడి గోనెసంచి కింద బొప్పాయి తొక్కలో, క్యాబేజీ ఆకులో పెడితే తెల్లారేసరికి అక్కడికి చేరతాయి. గ్లౌజులు వేసుకుని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. పాపని వట్టి చేతులతో ముట్టుకోనివ్వకండి, వాటిలో మెదడుకి హాని చేసే పురుగు ఉండొచ్చు. నత్తల మందు, ఎలుకల మందు మాత్రం వాడకండి. కోడి ఆ గుళికని తిన్నా, మందు తిన్న ఎలుకని పొడిచినా పోతుంది.

వాసన సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదు. కోడిపెంట పొడిగా ఉంటే వాసన రాదు, తడిస్తే ముక్కు పగిలిపోతుంది. గూట్లో నాలుగంగుళాల మందాన వరి ఊక పరిచి, వారానికి రెండుసార్లు కలియబెట్టండి. తడిసిన చోట ఊక తీసేసి కొత్తది వేయండి, కాస్త పొడి సున్నం చల్లండి. తడికి కారణం వాన కంటే కూడా నీళ్ల తొట్టి. కోడి వీపు ఎత్తున వేలాడదీస్తే ఒలకపోయవు. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి మీ తూర్పు పక్కన ఎవరి కిటికీ ఉందో చూసుకుని గూటికి చోటు ఎంచుకోండి. మొదలుపెట్టే ముందు లేఅవుట్ అసోసియేషన్ నియమాలు, మీ ఊరి నగరసభ నియమాలు ఏమంటున్నాయో అడిగి తెలుసుకోండి. ఆ తూర్పు పక్క ఇంటికి మొదటి నెల అరడజను గుడ్లు పంపండి, ఇది లంచమే, అయినా పనిచేస్తుంది.

ఆ పెంట ఆరింటిదీ కలిపి రోజుకి అరకిలో పైనే వస్తుంది. పచ్చిది మొక్క మొదట్లో వేస్తే వేరు మాడిపోతుంది. గూట్లో తీసిన ఊకకి రెండింతలు ఎండుటాకులు కలిపి కుప్ప వేసి, పిడికిట పట్టుకుంటే తడి తెలిసేలా నీళ్లు చల్లి, రెండు వారాలకోసారి తిరగేయండి. రెండు మూడు నెలల్లో నల్లగా, వాసన లేకుండా తయారవుతుంది. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి ఆకుల దగ్గర సరిగ్గా చివకని ఎరువు అసలు వేయకండి.

జబ్బుల్లో ముఖ్యమైనది ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కొక్కెర తెగులు. పచ్చటి పారుడు, మెడ వంకర తిరగడం, నోరు తెరిచి ఊపిరి లాగడం. ఒకసారి వచ్చాక మందు లేదు, దొడ్డంతా తుడిచిపెట్టుకుపోతుంది. టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో కంట్లో చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర ఇంజక్షన్. మీరు కొనే పెట్టలకి ఈ మూడూ పడ్డాయో లేదో చూసుకోవాలి. సీసా తెరిస్తే వంద కోళ్లకి సరిపడా మందు ఉంటుంది, మీ ఆరింటి కోసం కొనడం దండగ, తర్వాతి టీకాలకి దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. బయట కొన్న కోడిమాంసం కడిగిన నీళ్లు, ఈకలు తోటలో పారబోయకండి. ఆ తెగులు అలా కూడా ఇంట్లోకి వస్తుంది. 2012లో హెసరఘట్టలోని ఆ కేంద్ర ప్రభుత్వ కోళ్ల కేంద్రానికే బర్డ్ ఫ్లూ సోకి అక్కడి పక్షుల్ని వేల సంఖ్యలో చంపాల్సి వచ్చింది. పక్షులు ఒక్కసారిగా రెండుమూడు చనిపోతే పాతిపెట్టేసి ఊరుకోకండి, పశువైద్యుడికి చెప్పండి. కోళ్ల దగ్గరికి వెళ్లడానికి ఒక జత చెప్పులు విడిగా ఉంచుకోండి. పాప గుడ్లు ఏరాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మొదటి రోజు నుంచీ అలవాటు చేయండి.

ఆదివారం కూర గురించి మీ ఉత్తరంలో ఒక్క లైనే రాశారు గానీ, నాకు అదే పెద్ద ప్రశ్నగా కనిపించింది. గ్రామప్రియ మొదటి ఏడాది బాగా పెడుతుంది, రెండో ఏడాది తగ్గుతుంది, మూడో ఏడాదికి వారానికి ఒకటో రెండో. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి బతుకుతుంది, తింటుంది. అప్పుడేం చేస్తారు? అత్తగారికి దీంట్లో సందేహమే ఉండదు, ఆవిడ పెరిగిన ఇంట్లో చుట్టం వస్తే కోడి కోయడమే. పాప అప్పటికి పన్నెండేళ్లది, ఆ కోడికి పేరుంటుంది. మీవారు ఏ ఆదివారమో చెప్పాపెట్టకుండా కోయిస్తే ఆ పిల్ల చాలాకాలం మర్చిపోదు. వద్దనీ అనను, కానివ్వండనీ అనను. ఇంట్లో నలుగురూ కూర్చుని, పాప ముందే, కోళ్లు రాకముందే తేల్చుకోండి. కొందరు పెట్టలన్నిటినీ చివరిదాకా ఉంచేస్తారు, కొందరు ముసలి కోళ్లని ఊళ్లో చుట్టాలకి ఇచ్చేస్తారు. కొందరు పేరు పెట్టినవాటిని ఉంచుకుని మిగతావి కూరకి వాడతారు. మీ ఇంటికి ఏది పొసిగితే అది. అబద్ధం మాత్రం చెప్పకండి, తొమ్మిదేళ్ల పిల్లలకి కోళ్ల లెక్క మనకంటే బాగా తెలుసు.

సంక్రాంతికి మదనపల్లె వెళ్తారు కదా, వేసవి సెలవులకీ వెళ్తారు. మేత, నీళ్లు రెండు రోజులకి నింపి పెట్టి వెళ్లొచ్చు గానీ గూటి తలుపు మాత్రం ఎవరో ఒకరు రోజూ తీయాలి, వేయాలి. లేఅవుట్లో వాచ్‌మన్ కుటుంబమో, గుడ్లు అందుకున్న ఆ తూర్పు పక్క ఇల్లో, ఎవరితోనైనా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఆ నాలుగు రోజుల గుడ్లు వాళ్లవే అని ముందే చెప్పండి.

కడక్‌నాథ్ అనే నల్లకోడి గురించి మీవారు అడక్కముందే చెప్తున్నా, వద్దు. గుడ్లు తక్కువ, ధర ఎక్కువ, మీ అవసరానికి దాంతో పనిలేదు. ఈ జూన్‌లో మడులు, ఆగస్టు లోపల కంచె, గూడు. గూడు కట్టాక పది రోజులు ఖాళీగా ఉంచి, రోజూ ఆరున్నరకి తలుపు వేయడం ఇంట్లో ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారో చూడండి. ఆ మనిషిని అడిగి, కోళ్లకి ఫోన్ చేయండి.